కడగకూడని రేకు

నేను ఒక ఉక్కు రేకును. బొటనవేలంత వెడల్పు, చూపుడువేలంత పొడవు. ఒక కొసన చిన్న రంధ్రం, దాని పక్కన 417 అనే సంఖ్య. నన్ను కోసిన కార్ఖానావాళ్ళు అంచులు నునుపు చేసి, బంగారం తూచే త్రాసు కన్నా సున్నితమైన త్రాసులో తూచి, ఆ బరువును కాగితం మీద రాసి పంపారు. ఆ బరువే నా జాతకం.

నా పని ఏమీ చేయకుండా ఉండడం. కోనసీమలో ఒక చమురు స్టేషన్ ఉంది. అక్కడ బావుల్లోంచి చమురుతో పాటు ఉప్పునీరు వస్తుంది. చమురు తీసుకొని, ఆ నీటిని వడకట్టి, ఇంకో బావి గుండా మళ్ళీ భూమిలోకి కొడతారు. అడుగున మిగిలిన చమురును అది నెట్టుకొస్తుందని ఆశ. ఆ నీటిలో సున్నం ఉంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టేది అదే. గొట్టంలో పడితే బావి నోరు మూసుకుపోతుంది. అలా పట్టకుండా ఒక చిన్న పంపు చుక్కచుక్కగా మందు కలుపుతుంది. ఒకసారి పేరుకున్న సున్నాన్ని ఆ మందు కరిగించలేదు. పట్టబోయేదాన్ని పట్టనివ్వదు, అంతే.

మందు సరిపోతోందో లేదో చూడడానికి నన్ను గొట్టంలో వేలాడదీశారు. తొంభై రోజులు. నీళ్ళు నా మీదుగా పోతూనే ఉన్నాయి. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక పొర, దాని మీద ఇంకో పొర. నొప్పి లేదు. బరువు మాత్రం పెరిగింది.

నన్ను బయటికి తీసింది యేసుపాదం. ఇరవై రెండేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు ఆపరేటరు. రేకులు తీసే మనిషి సెలవులో ఉంటే ఆ పని అతనికి అప్పగించారు. తీసిన రేకును కడగకుండా, తుడవకుండా కవరులో పెట్టి లాబుకు పంపాలి. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదో, చెప్పినా అతని చెవిన పడలేదో. భార్య మార్తమ్మ పోయి అప్పటికి నలభై రోజులు. ఎవరేం మాట్లాడినా తల ఊపేవాడు.

నన్ను జేబులో వేసుకొని ఇంటికి వెళ్ళాడు. పొద్దున్నే కుళాయి దగ్గర కూర్చొని, కాస్త చింతపండు నానబెట్టి నన్ను తోమాడు. మార్తమ్మ ఇత్తడి గిన్నెలు అలాగే తోమేది. పక్కింటివాళ్ళ గిన్నె తిరిగి ఇవ్వాలన్నా మెరిసేలా తోమిగాని పంపేది కాదు. ఆ పులుపుకు నా మీది సున్నం బుసబుసమని పొంగి కరిగిపోయింది. తొంభై రోజులు పట్టినది పోవడానికి పది నిమిషాలు పట్టింది. అతను నన్ను తువ్వాలుతో తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ తోమాడు. అప్పటికే తోమడానికి ఏమీ లేదు.

లాబులో సుభాషిణి నన్ను తూచింది. ఏడాది ఒప్పందం మీద కొత్తగా చేరిన కెమిస్టు. నా బరువు ఏమీ పెరగలేదు, అంటే సున్నం పట్టనట్టే లెక్క. ఇంత మెరుస్తోందేమిటని ఆమె ఒక్క క్షణం ఆగింది. పక్కనే ఉన్న ఇంజనీరు కామరాజు, "చూశారామ్మా, మందు ఎక్కువే పోస్తున్నాం. సగానికి తగ్గించేద్దాం," అన్నాడు. మంచి కబురును రెండోసారి తూచే అలవాటు మనుషులకు లేదు. ఆమె సంతకం చేసింది.

రెండు నెలలకు బావి నీళ్ళు తీసుకోవడం మానేసింది. గొట్టం కోసి చూస్తే లోపల వేలు మందాన సున్నం. ఆ ముక్కను యేసుపాదం మోసుకొచ్చి లాబు బల్ల మీద, నా పక్కనే పెట్టాడు.

"సంతకం మీదే కదమ్మా," అన్నాడు కామరాజు. "సోమవారం నుంచి ఇంకొకరిని చూసుకోమంటున్నారు పైవాళ్ళు. నన్నేం చెయ్యమంటారు?"

"రేకు బరువు పెరగలేదు కదండీ."

"రేకుని సంజాయిషీ అడుగుతామా?"

అడిగితే చెప్పేదాన్ని. యేసుపాదం గొట్టం లోపలి తెలుపును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఆయ్, ఆ రేకు నేను తోమానండి."

"తోమడమేంటయ్యా?" కామరాజు నవ్వబోయాడు. "అంట్లగిన్నె అనుకున్నావా?"

"దానికీ ఇలాగే తెల్లగా పట్టిందండి. మురికనుకున్నాను. మేడంగారికి అలా పంపితే బాగోదని చింతపండెట్టి తోమానండి."

సుభాషిణి అతని వైపు తిరిగింది. "బాబాయిగారూ, ఇది కాగితం మీద పెడితే మీ పని పోతుంది. తెలుసు కదా?"

"తెలుసండి. రాయండమ్మా."

"మిమ్మల్ని ఎవరూ అడగలేదు."

"అలవాటు మా ఇంటిదండి. మాట మీ మీదికి రాకూడదు."

ఆమె రాసింది: రేకు 417, తూకానికి ముందే కడిగినది, లెక్కలోకి రాదు. అతను కింద సంతకం పెట్టాడు.

ఆమె ఉద్యోగం నిలిచింది. మందు పాత మోతాదు కన్నా కాస్త పెంచారు. యేసుపాదాన్ని పనిలోంచి తీసేశారు. చివరి రోజు వచ్చి తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, "వస్తానమ్మా," అన్నాడు. ఆమె లేచి నిలబడింది.

నేను ఇప్పుడు లాబు సొరుగులో ఉన్నాను. తుప్పు పట్టకుండా నూనె కాగితంలో చుట్టారు. నన్ను ఇంకెవరూ తూచరు. కొత్త రేకులు వెళ్తాయి, తెల్లగా వస్తాయి, వాటి మీద ఎంత పట్టిందో ఆమె రాసుకుంటుంది. నా మీద తొంభై రోజుల్లో ఎంత పేరుకుందో మాత్రం ఎక్కడా రాసి లేదు. అది ఒక పొద్దున, ఒక మనిషి చేతుల మీదుగా కారి, కుళాయి నీళ్ళతో పాటు మట్టిలోకి ఇంకిపోయింది.