తాత ఓడిపోని ఇల్లు

నేను ఇంటర్ చదవడానికి ఊరి నుంచి ఉప్పుగూడలోని మేనమామ ఇంటికి వచ్చేనాటికి, మామయ్య వాళ్ళ నాన్న ఎల్లప్ప తాతకు పక్షవాతం వచ్చి చాలా నెలలైంది. మాట కాస్త నత్తిగా తిరిగి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో నిద్రపోయిన పిల్లిలా పడి ఉండేది. పని చెప్పకపోతే అది అలాగే ఉండిపోతుందని ఫిజియోథెరపీ మేడమ్ భయపెట్టింది. అందుకే క్యారమ్ బోర్డు కొన్నారు.

తాత ఎడమ చేత్తోనే ఆడేవాడు. ఎలా ఆడినా ఆయనే గెలిచేవాడు మరి. స్వరూప అత్తమ్మ బోర్డు తుడిచే వంకతో ఆయన బిళ్ళను కొంగుతో గుంటలోకి నెట్టేది. పక్కింటి అస్లాం భాయ్ కావాలనే గురి తప్పి, "క్యా నిషానా హై, ఎల్లప్పన్నా" అని తాతనే పొగిడేవాడు.

ఒక ఆదివారం నాలుగో మనిషి తక్కువైతే నన్ను కూర్చోబెట్టారు. నలుగురిలో నాకు నోరు పెగలదు. కూర్చున్నాను. ఓడిపోవాలని ఎవరూ చెప్పలేదు. మా బడిలో వానాకాలమంతా ఆటల పీరియడ్ అంటే క్యారమ్సే. ఎర్ర బిళ్ళతో సహా ఊడ్చేశాను.

అత్తమ్మ నన్ను గిల్లింది. "బీమారున్న మనిషిని గట్ల ఓడగొడ్తరానే?"

"చిన్నపిల్ల, ఎరుక లేదు. ఈ ఆట లెక్కకు రాదు, ఎల్లప్పన్నా," అన్నాడు అస్లాం భాయ్.

తాత ముఖం కందిపోయింది. "అంటే... గిన్ని దినాలు... మీరు ఉత్తగనే ఓడిన్రా?"

అస్లాం భాయ్ ఫ్యాను వైపు చూశాడు.

"మళ్ళ... పేర్చున్రి," అన్నాడు తాత.

రెండో ఆటలోనూ నేనే ముందున్నాను. అత్తమ్మ చాయ్ తెచ్చింది. అందరం కప్పులు అందుకుని చూసేసరికి ఎర్ర బిళ్ళ లేదు. మంచం కింద కూడా వెతికాం. తాత ఎడమ చేతిలో చాయ్ ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో లేదు, తొడ కింద ఉంది.

"మామా, మీరేమన్న తీసిన్రా?" అంది అత్తమ్మ.

"ఈ చేతిల... కప్పుంది. ఆ చెయ్యి... పనిజెయ్యదు గద. మేడమ్‌నడుగు."

అత్తమ్మ తొడ కిందికి చేరిన ఆ చేతిని చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది. అస్లాం భాయ్ మెల్లగా "మాషా అల్లా" అని, "పోనీ బేటీ, ఆయన గెలిచిండనుకుందాం," అన్నాడు.

కానీ ఆట నాది. "దాచిన చేత్తోనే పెట్టాలె, తాతా. లేకుంటే నేనాడ."

తాత నన్ను గుర్రుగా చూశాడు. తొడ కింది నుంచి పిడికిలి వణుకుతూ వచ్చి బోర్డెక్కింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుని బిళ్ళను వదిలాయి, సరిగ్గా ఆయన గుంట అంచున.

"అది నడుమల ఉండె," అన్నాను.

"గీడిదాంకనే... వస్తది చెయ్యి," అన్నాడు తాత.