మిషను ముంత

మా లంకలో క్రైస్తవుల ఇళ్ళన్నిటిలో పొయ్యి పక్కన ఒక ముంత ఉంటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి అందులో వేస్తాం. అది మిషను బియ్యం, దూరదేశాల్లో దేవుని పనిమీద ఉన్నవాళ్ళ కోసం. ఆదివారం ముంత పట్టుకెళ్ళి చర్చిలో బుట్టలో పోస్తాం. ఒకసారి ముంతలో పడ్డాక ఆ బియ్యం మనది కాదు. కొల్లేరు ఇళ్ళలోకి వచ్చిన ఏడాది మా లంకలో పెద్దావిడ కాంతమ్మగారు ముంతను నెత్తిన పెట్టుకుని గట్టు చేరింది గాని, పస్తుండి కూడా అందులో గింజ ముట్టలేదు.

బుట్టలో చేరిన బియ్యాన్ని వేలం వేస్తాం. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి కోటా బియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి మొన్ననే మర పట్టించినవి. కలిపి వండితే సగం మెత్తన, సగం పలుకు. అందుకే మనుషులెవరూ పాడరు. బాతులు మేపే వినయ్ పాడుకుని వాటికి వేస్తాడు. ఈపాటికి ఆ బాతులు కూడా రక్షణ పొంది ఉంటాయని మా ఆయన హాస్యం.

ఆ డబ్బూ, తాడేపల్లిగూడెం సంఘం వాళ్ళ డబ్బూ కలిపే మేం సరోజను ఆఫ్రికాలో మలావీ దేశం పంపించాం. సరోజ మా పిల్ల. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే లంకంతా తలా ఒక పూట అన్నం పెట్టి పెంచాం. వట్లూరులో నర్సింగు చదివింది. ఇప్పుడు మలావీలో ఒక పల్లెటూరి మిషను ఆసుపత్రిలో కాన్పులు చేస్తోంది. మా చర్చి స్త్రీల సమాజానికి నేనే అధ్యక్షురాలిని కాబట్టి ఆ పిల్ల గురించి గొప్పలు చెప్పే పని కూడా నాదే. గూడెం వాళ్ళ దగ్గరైతే కాస్త ఎక్కువే చెప్పేదాన్ని.

కోతపండుగకు చర్చిలో నిలబడి తన సేవ గురించి సాక్ష్యం చెప్పడానికి సరోజను రమ్మన్నాం. శనివారం గుండుగొలనులో బస్సు దిగి ఆటోలో వచ్చింది. గట్టు మలుపులో మా పాస్టరు అయ్యగారు కట్టించిన ఫ్లెక్సీ ఉంది. భూగోళం పక్కన సరోజ నిలువెత్తు బొమ్మ. ఆటో దాని కిందుగా వస్తుంటే పిల్ల తల దించుకుంది. సిగ్గుపడుతోందని మురిసిపోయాను.

తనకిష్టమని బొచ్చె చేప పులుసు పెట్టాను. రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకుంది.

"అక్కడ మొక్కజొన్న పిండి ముద్దలు మింగొచ్చి నా పులుసుకి వంక పెడతావేంటే?" అని కసిరాను.

"బాగుందండీ పిన్నిగారూ. సయించట్లేదంతేనండి."

సాయంత్రం అరుగు మీద నేను చిక్కుళ్ళు ఒలుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. "నేను మళ్ళీ వెళ్ళనండి," అంది.

వానల్లో రోడ్డు తెగిపోయిందట. కాన్పుకొచ్చిన పిల్లను పెద్దాసుపత్రికి పంపే దారి లేక తనూ ఇంకో నర్సూ చేయగలిగినదంతా చేశారట. బిడ్డ బతికింది, తల్లి పోయింది. పోయిన ఆ పిల్లను కన్నతల్లి వచ్చి సరోజనే ఒళ్ళోకి తీసుకుని ఓదార్చిందట.

"ఆవిడ తిట్టినా బాగుండేదండీ. అప్పటినుంచీ కాన్పు గదిలోకి వెళ్తే చేతులు వణుకుతున్నాయి. పెద్ద డాక్టరుగారు కూడా ఇంటికెళ్ళి ఉండమన్నారు. నేనిక చేయలేను."

పిల్లను చూసి జాలేసింది. ఆ మాట నిజం. కాని ఆ వెంటనే ఫ్లెక్సీ గుర్తొచ్చింది, అదీ నిజమే.

"సరేలేమ్మా. రేపు మాత్రం ఆ మాట ఎత్తకు. గూడెం వాళ్ళొస్తున్నారు. పండగ అయిపోనీ."

సరోజ చిక్కుడుకాయ ఒకటి తీసి ఒలవకుండానే పక్కన పెట్టింది. "తెలిస్తే నన్నెవరూ గుమ్మం ఎక్కనివ్వరాండీ?"

"పిచ్చిమాటలాడకు," అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, దానికీ తెలుసు.

మర్నాడు చర్చి గుమ్మానికి వరికంకులు వేలాడదీశాం. బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, తొట్టెలో శీలావతి చేపలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ప్రార్థన మొదలెట్టినప్పుడల్లా ఆ కోళ్ళు కూడా అందుకునేవి. వెనక పెరట్లో అందరం కలిసి తినే ప్రేమవిందుకు ఎసరు పెట్టారు. బియ్యం ముంతలన్నీ మా ఒళ్ళోనే ఉన్నాయి, సాక్ష్యం అయ్యాక పోద్దామని.

సరోజ లేచింది. అక్కడి ఊళ్ళ గురించి, పాటల గురించి నాలుగు మాటలు చెప్పింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆగిపోయింది. కాన్పులో పోయిన ఆ పిల్ల పేరు చెప్పింది. అంతా చెప్పేసింది.

"నేను మళ్ళీ వెళ్ళలేనండి. ఇన్నాళ్ళూ మీ నోటి దగ్గర కూడు తీసి నన్ను పంపించారు. ఇక నాకోసం తియ్యకండి. నన్ను క్షమించండి."

అయ్యగారు పాటల పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. గూడెం ఆడవాళ్ళు నావైపు చూశారు. నేను అరటిగెలల వైపు చూశాను.

అప్పుడు కాంతమ్మగారు లేచింది. ముంత చంకన పెట్టుకుని, బుట్టను దాటుకుని, గుమ్మం దిగి వెళ్ళిపోయింది. సరోజ ముఖం పాలిపోయింది. ముసలమ్మకు కోపమొచ్చి బియ్యం వెనక్కి పట్టుకుపోతోందనుకుని నేను వెనకాలే పరిగెత్తాను. తీరా చూస్తే ఆవిడ పెరట్లో గిన్నె పుచ్చుకుని ఆ బియ్యం కడుగుతోంది.

"అయ్యో, కాంతమ్మగారూ! అది మిషను బియ్యమండీ!"

"తెలుసమ్మా. ఆ పిల్లకనే కదా తీశాం? దేశంకాని దేశంలో ఉంటే పంపించాం. ఇంటికొచ్చింది, వండి పెడదాం."

"మళ్ళీ వెళ్ళనంటోందండీ!"

"నాకేం చెవుడు లేదు, వినపడింది. అలిసిపోయొచ్చిన పిల్లకి అన్నం పెట్టకూడదని వాక్యంలో ఎక్కడుందో చూపించు. ఎసరు దించేస్తాను."

వాక్యం కంఠతా పోటీల్లో ఏటేటా మొదటి బహుమతి నాదే. ఒక్క వచనం గుర్తు రాలేదు. లోపలికి వెళ్ళి, రిబ్బను కట్టిన నా ముంత తెచ్చి ఆవిడ గిన్నెలో వంచాను. అప్పటికే గుమ్మంలో ఆడవాళ్ళు ముంతలతో నిలబడి ఉన్నారు. గూడెం వాళ్ళు కూడా, తమ సంఘం తరపున తెచ్చిన బియ్యం సంచి విప్పుతూ. బుట్టలో ఒక్క గింజ పడలేదు.

"నా బాతుల నోట్లో మట్టి కొట్టారు కదండీ!" అన్నాడు వినయ్, పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ.

విస్తళ్ళు వేశాం. సరోజ ఒక మూలకు వెళ్ళి కూర్చుంటే కాంతమ్మగారు చేయి పట్టుకుని తెచ్చి వరస మధ్యలో కూర్చోబెట్టింది. సగం మెత్తన, సగం పలుకుగా ఉన్న ఆ అన్నాన్ని తనే వడ్డించింది. సరోజ దాన్ని వేలితో విడదీసి చూసి తలెత్తింది.

"మిషను బియ్యమాండీ?"

"నీ బియ్యమే. ఏడుస్తూ తింటే ఒంటికి పట్టదు, కళ్ళు తుడుచుకో."

పులుసు గరిటెతో నేను వెనకే నిలబడ్డాను. నిన్న చెప్పాల్సింది అప్పుడు చెప్పాను.

"గుమ్మం ఎక్కనిస్తారా అనడిగావు చూడు. ఎక్కడం సంగతి సరే, నువ్వు తేరుకునేదాకా మేం దిగనివ్వం."

సరోజ వంచిన తల ఎత్తకుండా పలుకన్నమంతా తింది. మేమందరం వేరే పనేదో ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతూ దాన్నే చూస్తున్నాం. చివరికి విస్తరి ఖాళీ చేసి నావైపు తిరిగింది.

"ఇంకొంచెం పెట్టండి పిన్నిగారూ," అంది.