కుట్టుమిషను నడక

మా మామయ్యగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకూ అంతే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. కుదరనిదల్లా ఆయనకూ, ఆయన కన్న కొడుక్కూ. మామయ్యగారు పేరున్న టైలరు. మా ఆయన డ్రమ్స్ వాయిస్తాడు. "నేను బట్టలు కుట్టి బతికాను, వీడు డబ్బాలు కొట్టి బతుకుతున్నాడు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పడం ఆయనకు అలవాటు. చిన్నప్పుడు మిషను కింద దూరి, దారపు రీళ్ల రేకుడబ్బా వాయించి మా ఆయన తన్నులు తిన్నాడట. అప్పటినుంచీ తండ్రి నోట అతని పేరు 'డబ్బా'. తల నెరుస్తున్నా డబ్బాయే.

కొడుకు కచేరీకి మామయ్యగారు ఒక్కసారి కూడా వెళ్లలేదు. మా ఆయన మాత్రం ప్రతిసారీ తండ్రి కోసం నా పక్కన ఒక సీటు అట్టిపెట్టేవాడు. "ఎందుకు వృథాగా? ఆ సీట్లో నా హ్యాండ్‌బ్యాగు కూర్చుంటోంది" అంటే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది, జాలీ వేసేది.

ఇంతలో మామయ్యగారికి చెయ్యి వణకడం మొదలైంది. సూదిలోకి దారం ఎక్కనంది. దుకాణం మూసేశారు. మిషను ఇంటికొచ్చి హాల్లో ఓ మూల చేరింది. డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. చేతుల తర్వాత కాళ్ల వంతు. గది మధ్యలో బాగానే నడుస్తారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోతాయి. చెయ్యి అందించబోతే విదిలించి కొడతారు. ఈ సంగతి పైవాళ్లకు తెలియకూడదని ఆయన పంతం. ఎవరైనా చూస్తున్నారంటే, గుమ్మం పక్కన క్యాలెండరు చదువుతున్నట్టు నిలబడిపోయేవారు. అది పోయిన నెలది అయినా సరే.

ఒక ఉదయం నేను దిండుగలీబు కుడుతూ ఆయన మిషను తొక్కుతున్నాను. ఆయన స్నానాలగది గుమ్మంలో ఆగిపోయి ఉన్నారు. నేను చూడనట్టే తల వంచుకుని తొక్కుతున్నాను. పెడలు ఒక వేగం అందుకుంది. టకటక, టకటక. ఓరకంట చూద్దును కదా, ఆయన కుడికాలు లేచింది, దాని వెనకే ఎడమకాలు. గుమ్మం దాటి, మామూలు మనిషిలా లోపలికి వెళ్లిపోయారు.

నేను నోరు తెరుచుకుని మిషను ఆపేశాను. పక్కగదిలోంచి మా ఆయన పరుగున వచ్చాడు.

"ఆపావేం? ఇందాకటిలాగే తొక్కు."

తొక్కాను. అతను కళ్లు మూసుకుని తొడ మీద వేళ్లతో అందుకున్నాడు. "ఇదే. చిన్నప్పుడు రోజంతా నా నెత్తిమీద మోగింది ఇదే. ఆ రేకుడబ్బా మీద మొట్టమొదట వాయించిందీ దీన్నే" అన్నాడు. ఆ చప్పుడుకే మామయ్యగారు గుమ్మం దాటారని నేను చెప్పాను.

నేను రోజూ మిషను దగ్గర కాపు కాయలేను కదా. మర్నాటినుంచి ఆ పని అతను తీసుకున్నాడు. తండ్రి మంచం దిగడం ఆలస్యం, గదిలో సాధనకు వాడే రబ్బరుపలక ముందేసుకుని కర్రలతో మొదలు. తొలిరోజు ఉత్సాహం ఎక్కువై ఏవో నగిషీలు జోడించాడు. అడుగులు చిన్నవైపోయి, మామయ్యగారు ముందుకు తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"నీ పాండిత్యం కచేరీకి దాచుకో. ఇంట్లో మిషనులా వాయించు, చాలు" అన్నాను గదిలోకి వెళ్లి.

ఆ తర్వాత ఎక్కడా తేడా రాలేదు. మామయ్యగారు మాత్రం రోజూ విసుక్కునేవారు. "నేను లేచానంటే చాలు, మొదలెడతాడు డబ్బా! మనిషిని ప్రశాంతంగా స్నానం కూడా చేసుకోనివ్వడు!" అని తిడుతూ తిడుతూనే గుమ్మం దాటేవారు. మేమిద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం.

"చెప్పకు సుమా. తెలిస్తే మొండికేసి గుమ్మంలోనే కాపురం పెడతాడు" అనేవాడు మా ఆయన.

అలాంటి రోజుల్లో అతనికి ఒక పెద్ద గాయని బృందంలో అవకాశం వచ్చింది. ఈ ఒక్క కచేరీ చూసి ఉంచుకునేదీ లేనిదీ చెబుతానంది. ఆవిడ మాటంటే మాటే. చివరి పాట మధ్యలో డ్రమ్స్ ఒక్కటే మోగే చోటు ఒకటి ఉంది. "అక్కడ జనం కుర్చీల్లోంచి లేవాలి" అని మరీ మరీ చెప్పిందట. మా ఆయన అన్నం కూడా సరిగా తినకుండా దానికే సాధన చేశాడు. బయల్దేరేముందు అలవాటు ప్రకారం తండ్రి గదిలోకి తొంగిచూసి, "నాన్నా, సాయంత్రం కచేరీ" అన్నాడు.

"అమ్మాయి తీసుకొస్తుందా?" అన్నారు మామయ్యగారు.

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

చొక్కా గుండీలు తనే పెట్టుకుంటానని పట్టుబట్టారు. ఆ వణికే వేళ్లతో ఒక్కో గుండీ ఒక్కో యుద్ధం. సాయం చేస్తానంటే, "గుండీలు కుట్టినవాణ్ణి, పెట్టుకోలేనా?" అన్నారు. దాంతో మేం హాలుకు చేరేసరికి కచేరీ చివరికొచ్చేసింది. చివరి పాట అప్పటికే హోరెత్తుతోంది. తలుపు తెరిచాను. బయట గచ్చునేల అయిపోయి లోపల నల్లటి తివాచీ మొదలయ్యేచోట మామయ్యగారి కాళ్లు ఆగిపోయాయి.

మా వెనక టీ తాగి వస్తున్న జనం పోగయ్యారు. టికెట్లు చూసే ఆవిడ దగ్గరికొచ్చి, "పెద్దాయనకి చక్రాల కుర్చీ తెప్పించనా?" అంది, పాపం, మంచిగానే. మామయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. చూద్దామంటే అక్కడ క్యాలెండరు కూడా లేదు.

"ఇంటికి పోదాం అమ్మాయ్" అన్నారు. వెనక్కి తిరగడానికీ కాళ్లు రాలేదు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి. నా చేతగానితనం మీద నాకే కోపం వచ్చింది.

తెరిచిన తలుపులోంచి పడుతున్న వెలుగుకి మా ఆయన ఇటు చూశాడు. తండ్రిని చూశాడు. సరిగ్గా అప్పుడే గాయని పక్కకి తప్పుకుంది. మిగతా వాద్యాలన్నీ ఆగాయి. జనం కుర్చీల్లోంచి లేవాల్సిన చోటు అదే.

మా ఆయన కర్రలు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, దించాడు. టకటక, టకటక. నగిషీ లేదు, మెరుపు లేదు.

మామయ్యగారి కుడికాలు లేచింది.

గాయని గిరుక్కున వెనక్కి తిరిగి కళ్లతోనే ఉరిమింది. అతను ఆవిడ వైపు చూస్తేనా! ముందు వరసలవాళ్లు ఇదేదో కొత్త పద్ధతి కాబోలని తలలూపారు. మామయ్యగారు నా చెయ్యి పట్టుకోకుండా, నిటారుగా, ఆ నడవంతా నడిచి, ఇన్నేళ్లుగా ఖాళీగా ఉన్న సీట్లో కూర్చున్నారు. ఆయన కూర్చున్నాకే మా ఆయన మళ్లీ పాట తాళం అందుకున్నాడు. అప్పటికి గాయని పాడాల్సిన చోటు దాటిపోయింది. ఏదో సర్దుకుని ముగించింది.

జనం వెళ్లిపోయాక ఆవిడ వేదిక దిగుతూనే అందుకుంది. "ఏమొచ్చిందయ్యా నీకు? అంత చెప్పానే! కుట్టుమిషను తొక్కినట్టు వాయించి నా పాట నాశనం చేశావు!"

మా ఆయన తలొంచుకున్నాడు. నేను నోరు తెరవబోయాను. మామయ్యగారు చేత్తో ఆపారు.

"కుట్టుమిషనేనమ్మా. నాదే" అన్నారు. "నాకు జబ్బు. గుమ్మం దగ్గర కాళ్లు రావు. ఆ చప్పుడుంటే నడుస్తాను. వాడు వాయించింది నాకోసం. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఇరుగుపొరుగుకి కూడా తెలియనివ్వని మాట అది. ముక్కూ మొహం తెలియని మనిషికి, బృందమంతా వింటుండగా చెప్పేశారు. ఆవిడ ఆయన్నీ మా ఆయన్నీ మార్చిమార్చి చూసి, ఉంచుకుంటాననిగానీ వద్దనిగానీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

బయటికి వచ్చేటప్పుడు మళ్లీ అదే తలుపు, మళ్లీ అదే ఆగడం. సామాను సర్దేవాళ్లూ, టికెట్ల ఆవిడా చూస్తున్నారు. మా ఆయన తండ్రి చెయ్యి పట్టుకోబోయాడు.

"చెయ్యి వద్దురా. పొద్దున్నే నా స్నానానికి వాయిస్తావే, అది కానివ్వు."

మా ఆయన నావైపు చూశాడు. నేను చెప్పలేదని అడ్డంగా తలూపాను.

"దానివైపు చూస్తావేం? నా మిషను చప్పుడు నాకు తెలియదట్రా డబ్బా?"

మా ఆయన తలుపుచెక్క మీద వేళ్లతో మొదలెట్టాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, అలాగే వాయించాడు. మామయ్యగారు అందరూ చూస్తుండగానే గుమ్మం దాటారు.