గోవింద్ పట్టిన పిడికెడు

సాయంత్రం ఆరయ్యిందంటే ఆ ఇంటి వంటగదిలోంచి లెక్క వినిపిస్తుంది. నర్సీపట్నంలో బలిఘట్టం వెళ్ళే రోడ్డు పక్కనే ఇల్లు. పుష్పవతి ఇనప మూకుడు ముందు నిలబడి, "అత్తకి" అని ఓ పిడికెడు బియ్యం పోస్తుంది. "ఆయనకి" అని ఒకటి. "సాయికి" అని ఇంకొకటి. పిడికెడు పడ్డప్పుడల్లా మూకుడు కాస్త విచ్చుకుంటుంది. మామూలుగా అరచేయంత ఉంటుంది. చుట్టాలు పదిమంది దిగితే బండిచక్రమంత అవుతుంది, అప్పుడు పెరట్లో ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టాల్సిందే. దీన్ని వీధిలో ఎవరూ వింతగా చెప్పుకోరు. పక్కింటి అప్పలలక్ష్మి మాత్రం, మన కుక్కరు అలా పెరగదేమని మొగుణ్ణి సతాయిస్తుంటుంది.

ఆరేళ్ళు పరీక్షలు రాసి రాసి, మొత్తానికి పుష్పవతికి నర్సు ఉద్యోగం వచ్చింది. కొండమీద ఆసుపత్రి. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడే ఉండాలి. ఆర్డరు కాగితం అందిన మర్నాడు పదింటికల్లా చేరకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

అత్తగారు మహాలక్ష్మమ్మ ససేమిరా అంది.

"నువ్వెల్లిపోతే ఈ ఇంటికి కూడెవరొండుతారే? నా మణికట్లు పోయి రెండేళ్ళయ్యింది. ఆ మూకుడు మగోడి సేతికి విచ్చుకోదు."

"విచ్చుకుంటే?" అన్నాడు పుష్పవతి మొగుడు గోవింద్.

"విచ్చుకుంటే ఎల్లమను. లేదంటే ఆ ఆర్డరు కాగితం బీరువాలో పెట్టీమను."

గోవింద్ గొలుగొండ దగ్గర చెరుకు పండిస్తాడు. గెడ చూసి ఎప్పుడు నరకాలో చెప్పగలడు గానీ జీలకర్రకీ వాముకీ తేడా చెప్పలేడు. ఎనిమిదో క్లాసు చదివే కూతురు సాయిలక్ష్మి ఫోను పట్టుకుని అడ్డుపడింది.

"టాకో సేద్దాం నాన్నా. మెక్సికో వోళ్ళు తింటారు. కీమా, టమాటా, మొక్కజొన్న గింజలు, పైన చీజు. మనకి ఒక్క మూకుడులో అయిపోద్ది, అన్నం కూడా అందులోనే."

"మన ఊళ్ళో దొరుకుతాయేటి అవన్నీ?"

"అబీద్ సెంటర్లో దొరకందేటుంది? బేగి ఎల్లిరా!"

సామాన్లొచ్చాయి. గోవింద్ స్నానం చేసి, లుంగీ బిగించి, వంటగదిలో అడుగుపెట్టాడు. మహాలక్ష్మమ్మ గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుంది. ఎవరూ సాయం చెయ్యకూడదని ఆవిడ పెట్టిన షరతు. పుష్పవతి గోడకి ఆనుకుని నిలబడింది. సర్దిన సంచీ తలుపు పక్కనే ఉంది.

పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ పెళ్ళాం లెక్క పద్నాలుగేళ్ళుగా వింటున్నాడు గోవింద్. అలాగే పిడికెడు బియ్యం పట్టాడు.

"పుష్పకి."

మూకుడు కదల్లేదు. మహాలక్ష్మమ్మ "సూసావా" అనబోయింది. ఆ మాట పూర్తయ్యేలోపు మూకుడు కిర్రుమని విచ్చుకుంది. సాయిలక్ష్మి ఈల వేసింది. ఆ వంటగదిలో తన పేరు వినడం పుష్పవతికి అదే మొదటిసారి.

"అమ్మకి. సాయికి. నాకు."

"ఓరి నీ అఘాయిత్యం కాలా!" లేచి నిలబడింది మహాలక్ష్మమ్మ. "ఒండేవోళ్ళ లెక్క పెట్టకూడదురా! అందరూ తిన్నాక అడుగున మిగిలింది గీరుకుని తినాల. మా అత్త నాకలాగే నేర్పింది."

"ఎందుకే అమ్మా? నాకూ ఆకలేత్తాది కదా."

మూకుడు రెండు బర్నర్లనీ ఆక్రమించి కూర్చుంది. చుట్టాల్లేని రోజున అంత పెద్దదవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

గోవింద్ బియ్యం తీసి కడిగి పెట్టుకున్నాడు. నూనెలో ఉల్లి, వెల్లుల్లి వేసి, కీమా వేయించి, కారం, జీలకర్రపొడి చల్లాడు. టమాటాలు, మొక్కజొన్న, బియ్యం వేసి నీళ్ళు పోసి మూత పెట్టాడు. ఉడికాక చీజు తురిమాడు. అప్పడాలు నలిపి చల్లి నిమ్మకాయ పిండాడు. ఉప్పు కొంచెం ఎక్కువైంది, అయితే ఏం? మన రైతు వండాడు!

నలుగురూ మూకుడు చుట్టూ కూర్చున్నారు. వేడివేడిగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, అడుగు గీరుకు తిన్న రోజులు గుర్తొచ్చి మహాలక్ష్మమ్మకి దుఃఖం తన్నుకొచ్చింది. నమిలి మింగి, కోడలివైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ ఏటి తిన్నావే నువ్వు?"

"నువ్వు తిన్నదే అత్తా."

మహాలక్ష్మమ్మ గరిటె లాక్కుని కోడలి కంచం నింపింది, వద్దంటున్నా మళ్ళీ వేసింది. "ఆ సంచీలో దుప్పటి పెట్టుకున్నావా? కొండమీద సలి," అంది.

పొద్దున్న ఆరున్నరకి బస్సు. కోడలి సంచీ నొప్పి చేతులతో తనే మోసుకుంటూ ఆర్టీసీ కాంప్లెక్సుకి వచ్చింది మహాలక్ష్మమ్మ. జనాన్ని తోసుకుని ముందుగా ఎక్కేసి, బస్సంతా వినబడేలా కండక్టర్ని పిలిచింది.

"బాబూ, మా కోడలు నర్సమ్మ. ఉద్యోగానికెల్తోంది. కిటికీ పక్కన కూకోబెట్టు."