మామయ్య లెక్కలో పావుగంట

మా మామయ్య జనార్దన్ గారిది భూపాలపల్లిలో కిరాణా హోల్‌సేల్ కొట్టు. కందిపప్పులో ఒక్క రాయి కనబడితే బస్తా వెనక్కి పంపే మనిషి, ఫోన్‌లో కనబడిందల్లా కళ్లు మూసుకుని నమ్ముతారు.

పెళ్లయిన తొలి ఆషాఢమని నన్ను జనగామలో మా పుట్టింటికి పంపారు. శ్రావణం రాగానే తీసుకురావడానికి ముహూర్తమూ ఆయనే పెట్టించారు. ఎనిమిదిన్నర దాకా వర్జ్యం, బయల్దేరకూడదు. పదింటిలోపు అత్తింటి గడపలో కుడికాలు పెట్టాలి. తప్పితే వారం దాకా మంచిరోజు లేదు, అప్పటిదాకా మళ్లీ పుట్టిల్లే. నెలంతా మొగుడి గొంతు ఫోన్‌లో విని బతికినదాన్ని, ఇంకో వారమా!

ముందురోజే కారుతో వచ్చిన మా ఆయన వరుణ్ తండ్రికి ఫోన్ చేశాడు. "గంటన్నరల ఎట్లొస్తం బాపూ? ఇయ్యాల నాకు మూడు గంటలు పట్టింది."

"నువ్వు మెల్లగ తోలినవ్. జనగామ నుంచి మనూరికి విమానంల పావుగంటని ఫోన్ల సాఫ్ రాసిండ్రు. దానికి పావుగంటయితే కారుకు గంటన్నర సాలదా?"

రెండు ఊళ్లలోనూ విమానం దిగే చోటు లేదు. ఆ సంగతి రాసినవాళ్లకూ పట్టలేదు, చదివినాయనకూ పట్టలేదు. మా పెళ్లికి మహబూబాబాద్ నుంచి తన చెల్లెలు రాధత్తను బయల్దేరమన్నదీ ఈ లెక్కతోనే. పాపం, ఆవిడ విస్తళ్లు ఎత్తేవేళకు దిగింది.

వర్జ్యం వెళ్లగానే బయల్దేరాం. హనుమకొండలో ట్రాఫిక్, దాటాక వాన. ములుగు రాకముందే పది దాటింది. వరుణ్ ముఖం వాడిపోయింది. ములుగు దాటాక ఘనపూర్‌లో కారు ఆపించి కాల్చిన మక్కకంకి కొన్నాను. ఒకే కంకిని ఇద్దరం చెరోవైపు నుంచి కొరికాం. ముహూర్తం పోతే పోయింది, కంకి ఎందుకు పోవాలి?

ఇంటి ముందు మామయ్య గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"టైము దాటింది బిడ్డా. కారు మళ్లించుండ్రి. వచ్చే వారం చూద్దాం."

వెనక హారతి పళ్లెంతో మా అత్తమ్మ విజయలక్ష్మి.

"మామయ్యా, ఫోన్ల రాసింది అబద్ధమా?" అని అడిగాను.

"అబద్ధమెందుకైతది?"

"మరి ఎనిమిదిన్నరకే ఎల్లినం కదా. పావుగంట లెక్కన ఎప్పుడో దిగినం. కారు ఎనక వడితే గది కారు తప్పు."

ఆయన ఫోన్ వైపు చూశారు, నా వైపు చూశారు. నన్ను ఆపాలంటే ఫోన్‌ను కాదనాలి.

"ఇంకేందయ్యా, కోడలు పొద్దుగాలనే వచ్చె! జర జరుగు, హారతి ఆరిపోతది," అంది అత్తమ్మ.

మామయ్య జరిగారు. పళ్ల సందున కంకి పొట్టుతోనే కుడికాలు లోపల పెట్టాను. వరుణ్ వెనక నుంచి నా కొంగు పట్టుకున్నాడు.

వీధిలో పక్కింటి శ్రీపాల్‌తో మామయ్య అంటున్నది గట్టిగా వినబడింది. "చూసినవా? ఫోన్ల ఎట్ల రాసిండ్రో, గట్లనే వచ్చిండ్రు!"