శోభ తెచ్చిన తొట్టె

శోభ హాలియా నుంచి తొట్టె పట్టుకొస్తున్నదని ఫోన్ వచ్చినప్పటి నుంచి గోపమ్మ నోట మాట లేదు. పొయ్యి మీద నీళ్లు పెడుతుంది, కాగకముందే దించుతుంది, మళ్లీ పెడుతుంది. మంచం మీద పడుకున్న కోడలు స్నేహలత అదంతా చూస్తూనే ఉంది. అత్తమ్మ మనసులో ఏముందో ఆమెకు తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండక తప్పదు.

శోభ గోపమ్మ పెద్దబిడ్డ, స్నేహలత భర్త నాగేందర్‌కు అక్క. ఎనిమిదేళ్ల కింద ఆమెకు నెలలు నిండినప్పుడు మొగుడు పెళ్లాలిద్దరూ ముచ్చటపడి హైదరాబాద్ పోయి చెక్క తొట్టె కొనుక్కొచ్చారు. మంచం పక్కనే పెట్టుకునే రకం అది. ఒకవైపు పలక కిందికి జారుతుంది, తల్లి పడుకున్నచోటు నుంచే చెయ్యి చాపి బిడ్డను తీసుకోవచ్చు. తొట్టె ఇంటికొచ్చింది కానీ బిడ్డ రాలేదు. పురిట్లోనే పోయింది. ఆ తర్వాత శోభకు మళ్లీ కడుపు పండలేదు. తొట్టె మీద దుప్పటి కప్పి వెనక గదిలో పెట్టింది. ఆ గదిలోకి ఎవరు పోయినా దాని జోలికి పోయేవాళ్లు కారు.

ఇప్పుడు తమ్ముడికి బిడ్డ పుట్టింది. నెల ముందే పుట్టిన పసికందు, గుప్పెడంత పిల్ల. నల్లగొండ దవాఖానలో అద్దాల పెట్టెలో ఉండి ఉండి మొన్ననే చౌటుప్పల్‌లోని కిరాయి ఇంటికి వచ్చింది. స్నేహలతకు తల్లి లేదు. అందుకే గోపమ్మ దేవరకొండ దగ్గరి పల్లెలో గొర్ల మందను భర్త ఐలేశం మీద వదిలేసి బాలింత సేవకు వచ్చింది.

పంపించేటప్పుడు దవాఖానలో నర్సు స్నేహలతను కూర్చోబెట్టి మరీ చెప్పింది. "బిడ్డ నీ పక్కనే ఉండాలె, నీ పక్కలో మాత్రం వద్దు. ఆపరేషన్ అయినదానివి, అలసిపోయి ఒరిగితే నీకే తెల్వది. పరుపు గట్టిగుండాలె. ఎల్లెలకల, ముఖం పైకుండెటట్టు పండబెట్టు. దిండ్లు, బొంతలు ఏం పెట్టకు."

అప్పటి నుంచి బిడ్డను మంచం పక్కన చెక్కపీట మీద, మడిచిన దుప్పటి వేసి పడుకోబెడుతున్నారు. వంగి తీసుకున్నప్పుడల్లా స్నేహలతకు కుట్లు పీకేవి. తొట్టె కొందామని నాగేందర్ అంటూనే ఉన్నాడు. ఇంతలో అక్క ఫోన్ చేసి, "మా ఇంట్ల తొట్టె ఉన్నది కదరా, నా మేనకోడలు దాంట్లనే పండాలె," అన్నది. ఎనిమిదేళ్లుగా ఆ తొట్టె మాట ఎత్తని మనిషి తనంతట తానే అడిగితే అతనికి కాదనే ధైర్యం లేకపోయింది.

ట్రాలీ ఆటోలో వచ్చింది తొట్టె. నాగేందర్, ఆటో అతను కలిసి మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చారు. శోభ దాన్ని నూనె బట్టతో తుడిచి నిగనిగలాడేట్టు చేసింది. చుట్టూ కుట్టడానికి పువ్వుల బట్ట కొని, లోపల దూది పెట్టి మెత్తమెత్తగా అమర్చింది.

"ఒక్కనాడు సుత వాడలే," అని నవ్వబోయి, ఆ మాట ఎటు పోతుందో తట్టి ఆగిపోయింది.

స్నేహలత మెల్లగా లేచి తొట్టె అంచు పట్టుకుంది. జారే పలకను పైకి లాగింది. ఒకవైపు గడియ టక్కుమని పడింది, రెండోవైపు పడలేదు. వంగి చూస్తే ప్లాస్టిక్ గడియ పసుపురంగుకు తిరిగి, కొస విరిగి ఉంది. లోపల పరుపు మధ్యలో గుంట పడింది. పరుపుకూ పలకకూ నడుమ చెయ్యి పెడితే పిడికిలి సులువుగా దూరింది.

తలెత్తేసరికి శోభ కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి.

"నచ్చిందా పిల్లా?"

"మంచిగున్నది వదినా." మాట దానంతటదే బయటికి వచ్చేసింది.

కాసేపటికి వంటింట్లో గోపమ్మ కోడలి మోచెయ్యి పట్టుకుని గోడవైపు జరిపింది. గొంతు తగ్గించి, "పిల్లను గా తొట్టెల పండబెట్టకు బిడ్డా. సచ్చిన పిల్ల కోసం తెచ్చిన తొట్టె అది. నేను శోభకు కన్నతల్లిని, నా నోటితోని ఎట్ల చెప్పాలె? నువ్వే చెప్పు," అన్నది.

"అట్లంటి పట్టింపులు నాకు లేవత్తమ్మా. గడియ పడుతలేదు. సందు పెద్దగున్నది. అసలు భయం గదే."

"ఏదో ఒకటి చెప్పు. తొట్టెనైతే బయటికి పంపియ్యి."

స్నేహలతకు అప్పుడే అర్థమైంది, తాను చిక్కిన మెలిక ఎటువంటిదో. గడియ అన్నా, సందు అన్నా శోభ చెవికి చేరేది ఒకే మాట: నీ తొట్టె అచ్చిరాదు. ఎనిమిదేళ్లు ఆ మాటనే ఊరంతా ఆమె వెనక అనుకున్నది. ఇప్పుడు తమ్ముడి భార్య నోటి నుంచి కూడా అదే వినాలా?

నాగేందర్‌తో చెప్పింది. అతను ఫార్మా కంపెనీ బస్సు కోసం చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "జర ఓపిక పట్టు స్నేహా. అక్క రెండు రోజులుండి పోతది. పోయినంక తీసి పక్కకు పెడదాం."

"పోయేదాక?"

"పోయేదాక ఏదో ఒకటి చెప్పి పిల్లను నీ దగ్గరనే ఉంచుకో."

"నువ్వు చెప్పరాదు మీ అక్కకు?"

అతను బస్సు హారన్ వినపడగానే మెట్లు దిగిపోయాడు.

ఆ రోజంతా స్నేహలత బిడ్డను ఒడిలోంచి దించలేదు. పాలు తాగుతుందన్నది, ఎక్కిళ్లు వస్తున్నాయన్నది, ఎండ చూపించాలన్నది. మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతుంటే ఎక్కడ బిడ్డ మీదికి ఒరుగుతానోనని గోడకు తల ఆనించి, అరచేతిలో గోరు గుచ్చుకుంటూ కూర్చుంది. శోభ వచ్చి చూసి పోయింది. మళ్లీ వచ్చింది. తొట్టెలో ఉన్న ముడతలేని బట్టనే సరిచేసి పోయింది.

తెల్లవారి శోభ ఇక ఉండబట్టలేక అడిగింది. "ఒక్కసారన్న దాంట్ల పండితే కండ్లార చూసి పోదామనుకున్న స్నేహా."

"పండుతది వదినా. పాలు తాగినంక," అన్నది స్నేహలత, ఆమె ముఖం చూడకుండా.

అంతలో గోపమ్మ స్నానానికి పిలిచింది. నీళ్లు చల్లారిపోతాయని తొందర పెట్టింది. స్నేహలత నిద్రపోతున్న బిడ్డను చెక్కపీట మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరికి వేసి పోయింది. గోపమ్మ వీపు మీద వేడినీళ్లు పోస్తోంది. గోడ అవతల నుంచి బిడ్డ చిన్నగా మూలగడం వినిపిస్తూనే ఉంది. తర్వాత వినిపించలేదు. నిద్రపోయి ఉంటుంది అనుకుంది. మరో చెంబు నీళ్లు పడ్డాయి. కానీ ఆ నిశ్శబ్దానికి ఆమె మనసు ఊరుకోలేదు.

"చాలత్తమ్మా," అని తడి ఒంటికే చీర చుట్టుకుని బయటికి వచ్చింది.

పీట మీద బిడ్డ లేదు.

తొట్టె పలక ఒక మూల జానెడు కిందికి జారి ఉంది. ఆ వైపు పరుపు ఒరిగి, బిడ్డ ఆ వాలులోకి దొర్లింది. ముఖం పరుపుకూ దూది బట్టకూ నడుమ సందులో కూరుకుపోయింది. ఒక చెయ్యి మాత్రం పైకి ఉంది. వేళ్లు కదలడం లేదు.

స్నేహలత కుట్ల సంగతి మరిచిపోయి వంగి బిడ్డను ఎత్తుకుంది. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. దవాఖానలో నర్సులు చేసినట్టు వీపు రుద్దింది, అరికాళ్ల మీద వేలితో కొట్టింది. "ఏడువమ్మా. ఒక్కసారి ఏడువు. నా తల్లి కదా, ఏడువు." బిడ్డ తల ఆమె చేతిలో వాలిపోయి ఉంది. మళ్లీ కొట్టింది, గట్టిగా.

బిడ్డ ఛాతి ఒక్కసారి ఎగిసింది. సన్నటి చప్పుడు వచ్చింది, పిల్లి కూనలాగా. ఆ తర్వాత ఇల్లంతా దద్దరిల్లేట్టు ఏడ్చింది.

ఆ ఏడుపుకు శోభ బట్టలారేసే వరండా నుంచి పరుగెత్తుకొచ్చింది. చేతుల్లో తడి గుడ్డలు. వెనక గోపమ్మ. ఒరిగిన పలకను, కోడలి ఒడిలో బిడ్డను చూడగానే గోపమ్మ గుండె బాదుకుంది.

"నేను చెప్తనే ఉన్న! గా పాడు తొట్టె ఇంట్లకు రావద్దని చెప్తనే ఉన్న! ఒక పిల్లను మింగింది సాలదా?"

శోభ చేతిలో గుడ్డలు జారిపోయాయి.

"పాడు తొట్టెనా అమ్మా?" అన్నది మెల్లగా. "జరసేపు ఎత్తుకుని పండబెట్టిన. మంచిగనే పండింది. రెండు బట్టలు ఆరేసొస్తామని పోయిన. ఇగ నా చెయ్యి సుత మంచిది కాదంటవేమో." లోపలికి పోయి సంచి అందుకుంది. నాలుగు చీరలు చుట్టి అందులో కుక్కింది.

గోపమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. అన్న మాట వెనక్కి రాదు.

స్నేహలత బిడ్డతో సహా వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు పోతే ఆ మాటే నిజమైతది వదినా. ముందుగాల ఇటు రా."

"నన్ను పోనియ్యి స్నేహా."

"రా అంటున్న కదా!" ఎన్నడూ గొంతు పెంచని స్నేహలత అరిచింది. శోభ చెయ్యి పట్టుకుని తొట్టె దాకా లాక్కుపోయింది. "చెయ్యి పెట్టు గిక్కడ. పరుపు పక్కన. పిడికిలి పడుతుందా లేదా? గీ గడియ చూడు, కొస విరిగింది. నిన్ననే చూసిన. చూసి సుత నీకు చెప్పలే. చెప్తే నువ్వు అత్తమ్మ అన్నట్టు అనుకుంటవని భయపడ్డ. తొట్టెకు ఏ శాపం లేదు. గడియ అరిగింది, స్పంజి కుంగింది. ఎవలి పిల్లను పండబెట్టినా గిట్లనే జారేది. నీ పిల్లనైనా…"

అక్కడ నాలుక కరుచుకుంది. కానీ శోభ ఆ మాట పూర్తిగా విన్నది. తొట్టెలో పెట్టిన చెయ్యి తియ్యకుండా చాలాసేపు అట్లాగే నిలబడింది.

"నా పిల్లనైనా," అన్నది చివరికి. సంచి కింద పెట్టింది. "ముందు పిల్లను డాక్టర్‌కు చూపిద్దాం పా."

ముగ్గురూ ఆటోలో పిల్లల డాక్టర్ దగ్గరికి పోయారు. ఆయన గుండె, ఊపిరి పరీక్షించాడు. కళ్లు చూశాడు, వేళ్లు చూశాడు, సాయంత్రం దాకా అక్కడే ఉంచుకున్నాడు. "అదృష్టం అమ్మా, తొందరగ చూసిన్రు. ఫికర్ లేదు," అన్నాక గోపమ్మ అక్కడి బల్ల మీదే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తిరిగి వస్తుంటే హైవే పక్కన ఫర్నిచర్ దుకాణం కనబడింది. ఆటో ఆపమన్నది శోభ. అంతసేపూ ఆమె బిడ్డను తాకలేదు, ఆటోలో ఓ అంచున ముడుచుకుని కూర్చుంది. దుకాణంలో మాత్రం ఆమె నడక మారిపోయింది. దోమతెర, బొమ్మలు, నాలుగు వైపులా మెత్తలు ఉన్న తొట్టె చూపించాడు దుకాణందారు. శోభ మెత్తలు లాగి అవతల పెట్టింది. పరుపును అరచేత్తో అదిమింది, కుంగితే తల అడ్డంగా ఊపింది. పలక పక్కన వేళ్లు దూర్చింది. రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది.

"మంచానికి కట్టే బెల్టేది?"

"బెల్ట్ ఎందుకక్కా, మంచానికి ఆనించి పెడితే సాలదా?"

"నడుమ సందు పడితే పిల్ల ఎక్కడికి పోతది? ఇంకోటి చూపియ్యి."

ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోయింది. స్నేహలత కుర్చీలో కూర్చుని బిడ్డను గుండెకు హత్తుకుని వదిననే చూస్తోంది. చివరికి ఒక సాదా తొట్టె దగ్గర ఇద్దరూ ఆగారు. చుట్టూ గాలి ఆడే జాలీ, కదలని పరుపు, మంచం ఎత్తుకు సరిపెట్టుకునే కాళ్లు, మంచం చట్రానికి బిగించే రెండు పట్టీలు. చూడ్డానికి ఏ అందమూ లేదు. స్నేహలత తానే లేచి వచ్చి పరుపు అంచు చుట్టూ వేలు తిప్పింది. వేలు ఎక్కడా దిగలేదు.

"ఇదే," అన్నారు ఇద్దరూ.

మర్నాడు పొద్దున పాత తొట్టె విప్పడానికి శోభ నాగేందర్‌ను స్క్రూడ్రైవర్ అడిగింది.

"ఎవరికన్న ఇచ్చేద్దామక్కా, మంచి చెక్క," అన్నాడు అతను.

"ఎవరి పిల్ల కోసం ఇస్తవురా?"

అతను తల దించుకున్నాడు. "గడియ సంగతి నేనే చెప్పాల్సింది నీకు, ముందే," అన్నాడు. ఆమె విననట్టే స్క్రూ తిప్పింది. పలకలు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. కంట తడి లేదు. చివర తాను కుట్టిన పువ్వుల బట్ట తీసేటప్పుడు మాత్రం చేతులు ఆగిపోయాయి. గోపమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. మిగిలిన పలక కొస రెండు చేతులతో పట్టుకుని కదలకుండా ఆపింది, కూతురు స్క్రూ తియ్యడానికి వీలుగా.

పేరు పెట్టే రోజు ఐలేశం పల్లె నుంచి వచ్చాడు. ఇంటి నిండా చుట్టాలు. పిల్లను తొట్టెలో వేసి చెవిలో పేరు చెప్పడానికి గోపమ్మ అంతకుముందే తన తోడికోడలు బిక్షమ్మను పిలిచిపెట్టింది. అయిదుగురిని కన్న తల్లి, చెయ్యి చల్లనిదని పేరు. బిక్షమ్మ ముందుకు వచ్చేసరికి శోభ గుమ్మం దగ్గరికి జరిగి నిలబడింది, అక్షింతల పళ్లెం పట్టుకుని. ఆ ప్రమాదం తర్వాత ఆమె బిడ్డను ఎత్తుకోలేదు.

స్నేహలత బిడ్డను బిక్షమ్మకు ఇవ్వలేదు.

"మేనత్త ఉండంగ వేరేవాళ్లు ఎందుకత్తమ్మా?" అన్నది.

అందరూ గోపమ్మ వైపు చూశారు. ఆమె బిక్షమ్మను చూసింది, ఐలేశాన్ని చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. ఎంతసేపటికీ ఆమె నోరు విప్పకపోయేసరికి శోభ పళ్లెం కింద పెట్టి బయటికి అడుగు వేసింది.

"ఎటు పోతున్నవే? ఇటు రా," అన్నది గోపమ్మ. "నీ కోడలు. నువ్వే ఎయ్యాలె."

శోభ వచ్చింది. చేతులు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "పడేస్తనేమో స్నేహా."

"పడెయ్యవు."

బిడ్డను ఆమె చేతుల్లో పెట్టింది స్నేహలత. శోభ వంగి, వెల్లకిలా, మెల్లగా పడుకోబెట్టింది. చెవి దగ్గర నోరు పెట్టి "స్నిగ్ధ," అన్నది. మళ్లీ అన్నది. అక్షింతలు పడ్డాయి. ఎవరో కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. బిడ్డ ఒకసారి ఆవులించి నిద్రపోయింది.

వరండాలో విస్తళ్లు వేశారు. బిక్షమ్మ పిలిచింది, ఐలేశం పిలిచాడు. శోభ తొట్టె పక్కన మంచం అంచున కూర్చుని, పైకీ కిందికీ ఆడుతున్న ఆ చిన్న కడుపునే చూస్తోంది.

"మీరు తినుండ్రి," అన్నది తల తిప్పకుండానే. "నేనున్న గదా."