వెతికేవాళ్ల మాట

మా ఆఫీసు కింద టైలరు షాపు ఉండేది. ఆయన్ని వీధిలో అందరూ మాస్టరుగారు అనేవారు. నేను మాత్రం బాబాయ్ అనేదాన్ని. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా సంచి పట్టీ తెగితే ఆయన భార్య కుట్టి ఇచ్చింది. నేను పర్సు తీయబోతే, "పిన్నికి డబ్బులిస్తావా?" అంది. అప్పటినుంచి ఆవిడ పిన్ని, ఆయన బాబాయ్.

మిషను మీద కుట్టేది ఆయన. కాజాలు, గుండీలు, అంచులు మడవడం పిన్ని చేతిపని. గుమ్మం పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, ఒళ్లో గుడ్డ వేసుకుని, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూనే కుట్టేది. కళ్లు వీధిలో ఉన్నా కుట్టు మాత్రం గీత గీసినట్టు పడేది. సూది కంటే మీ పిన్ని నోరే జోరు అని బాబాయ్ వేళాకోళం చేసేవారు.

తర్వాత ఆవిడకు మతిమరుపు వచ్చింది. రెండేళ్లలో మొదట మనుషుల పేర్లు పోయాయి, తర్వాత రోజులు, చివరికి తన పేరు. కుట్టు మాత్రం వేళ్లలోనే ఉండిపోయింది. చేతిలో సూది లేకపోయినా కట్టుకున్న బట్ట అంచును మడుస్తూ, కుడుతున్నట్టు వేళ్లు ఆడిస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం బాబాయ్ లోపలిగదిలో ఎవరికో కోటు కొలతలు తీస్తున్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికి వచ్చేసరికి పీట ఖాళీ.

పోలీసులకు చెప్పారు. బస్టాండు, రైల్వే స్టేషను, ఆసుపత్రులు కాళ్లరిగేలా తిరిగారు. స్తంభాలకు అంటించిన ఫొటోలు రెండు వానలకే ఊడిపోయాయి. వాళ్ల అమ్మాయి ఒక వెబ్ పేజీ పెట్టించింది. అందులో పిన్ని ఫొటో, పూర్తి పేరు, వయసు, ఆ రోజు కట్టుకున్న బట్టల రంగు, బాబాయ్ ఫోన్ నంబరు ఉన్నాయి.

నేను చేసే ఉద్యోగం అలాంటి పేజీలతోనే. ఎవరైనా ఫోనులో ఏదైనా వెతికితే మా ఖాతాదారుల పేజీ ముందు కనబడాలి. అందుకు వెతికేవాళ్లు ఏ మాటలు కొడతారో పట్టుకుని, వాటినే శీర్షికలోనూ మొదటి వాక్యంలోనూ పెట్టాలి. ఆ మాటల్ని కీవర్డులంటారు. ఏ మాటను నెలకు ఎంతమంది వెతుకుతున్నారో చూపించే జాబితా కూడా మా దగ్గర ఉంటుంది. వినడానికి ఇంతే, కానీ యజమానులతోనే తంటా. పురుగులమందు కొట్టే ఒకాయన తన పేజీలో 'కీటక నియంత్రణ నిపుణులు' అనే ఉండాలని భీష్మించుకు కూర్చున్నాడు. మంచంలో నల్లులు కుడుతున్నవాడు అంత తీరుబడిగా కొట్టడని, 'నల్లులు పోవాలంటే ఏం చేయాలి' అని కొడతాడని ఆయనకు నచ్చజెప్పేసరికి వారం పట్టింది.

పిన్ని తప్పిపోయిన మూడో వారంలో బాబాయ్ మెట్లెక్కి వచ్చి ఫోను చూపించారు. పిన్ని పేరు కొడితే ఆ పేజీయే అన్నిటికంటే ముందు వస్తోంది. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో కాస్త వెలుగు చూశాను. ఆ వెలుగు ఆర్పక తప్పలేదు.

"బాబాయ్, పిన్ని పేరు కొట్టేది మనమే. పిన్నిని చూసినవాళ్లకి ఆ పేరు తెలీదు. తను చెప్పలేదు కదా."

ఆయన ఫోను బల్ల మీద పెట్టారు. "మరి వాళ్లేం కొడతారు?"

"వాళ్ల కంటికి కనబడిందే కొడతారు."

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. పిన్నిని ఎన్నడూ చూడనివాళ్లకు ముందు ఏం కనబడుతుందని అడిగాను. నవ్వు అన్నారు. తర్వాత, ఎవరు ఎదురుపడినా తిన్నావా అని అడుగుతుందన్నారు. నా పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. అవన్నీ తెలిసినవాళ్లకు తెలిసే సంగతులు. నేను 'ముసలావిడ' అని రాయగానే ఆయన ఉలిక్కిపడ్డారు. యాభై తొమ్మిదేళ్ల మనిషి ముసలావిడ ఎలా అవుతుందన్నారు. మూడు వారాలు ఎండలో తిరిగిన మనిషి చూసేవాళ్లకు ఎలా ఉంటుందో నేను చెప్పలేదు. ఆయనే కాసేపటికి సరే రాయమన్నారు. 'పేరు చెప్పలేని ముసలావిడ', 'దారి తప్పిన ముసలావిడ', 'చేతులతో కుట్టినట్టు చేసే ఆవిడ'. ముప్ఫై నాలుగేళ్లు కాపురం చేసిన భార్యను ఆయన దారినపోయేవాడి కళ్లతో చూడాల్సి వచ్చింది.

జాబితా తెరిచాను. మేం రాసుకున్న మాటలు వెతికేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లకు పది రెట్ల మంది వెతికే మాట ఇంకొకటి ఉంది. వీధిలో అలాంటి మనిషి కనబడితే జనం నోటికి వచ్చేది, ఫోనులో కొట్టేది ఆ మాటే. నేను గొంతు తగ్గించి చెప్పాను. 'పిచ్చావిడ' అని.

బాబాయ్ గొంతు పెంచలేదు. "తనకి పిచ్చి లేదమ్మా. మతిమరుపు."

"నాకు తెలుసు బాబాయ్. కానీ వెతికేవాళ్లు..."

"రేపు తను తిరిగొచ్చాక ఆ పేజీ ఎవరైనా చూపిస్తే? మా అమ్మాయి చదివితే? ఆ మాట వద్దు."

జాబితా ఇంకా తెర మీదే ఉంది. తెరను ఆయన వైపు తిప్పి ఆ అంకెలు చూపించాల్సింది. తిప్పలేదు. కంప్యూటరు కట్టేశాను. నల్లుల మందాయనతో వారంపాటు వాదించినదాన్ని ఈయనతో ఒక్క నిమిషం వాదించలేకపోయాను. జాలి అనుకున్నాను దాన్ని.

మేం రాసిన మాటలు పేజీలో పెట్టాక, వాటికి అది నెల తిరిగేసరికి మొదటి స్థానానికి వచ్చింది. ఫోన్లు మాత్రం రాలేదు. ఒకటీ అరా వచ్చినవి ఆకతాయిలవి. బాబాయ్ కాజాల పని బయట ఎవరికో ఇచ్చారు. పీటను మాత్రం కదపలేదు. ఎవరైనా దాని మీద సంచీ పెట్టబోతే, అక్కడ కాదండీ అని తనే అందుకునేవారు.

ఐదో నెలలో ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి ఒకాయన వచ్చాడు. వస్తుంటే మార్కెట్టు వెనక సందులో ఎవరో పిచ్చిది అడ్డం పడిందని, తనలో తను ఏదో గొణుక్కుంటోందని మాటల్లో అన్నాడు. బాబాయ్ చేతిలోని కత్తెర బల్ల మీద పడేసి, మెడలో టేపుతోనే పరుగుతీశారు. కిటికీలోంచి చూసి నేనూ వెనకాలే వెళ్లాను. ఆవిడ వేరే ఎవరో. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. బాబాయ్ పక్క కొట్లో బన్ను కొని ఆమె చేతిలో పెట్టి వెనక్కి తిరిగారు. మా మెట్ల దగ్గర ఆగి, రొప్పు తగ్గాక అన్నారు.

"ఆ పెద్దమనిషి ఆ మాట అనగానే నాకు మీ పిన్నే మెదిలింది. నేనే అలా అనుకున్నాక ఇంకెవరి కోసం దాచడం? పెట్టమ్మా."

అదే రోజు శీర్షిక మార్చాను. 'పిచ్చావిడ కనబడిందా? పేరు చెప్పడం లేదా? చేతులతో కుట్టినట్టు చేస్తోందా?' అని. దాని కింద ఒక్క వాక్యం బాబాయ్ చెప్పి రాయించారు. 'ఈవిడకు పిచ్చి లేదు, మతిమరుపు, ఇంటిదగ్గర ఈవిడ కోసం ఎదురుచూస్తున్నాం.' అది చూసి కూతురు రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదట.

మాట మార్చినంత మాత్రాన పేజీ మర్నాడే పైకి రాదు. మొదట ఎక్కడో అడుగున కనబడింది. రోజూ పొద్దున ఆఫీసుకు రాగానే ముందు అదే చూసేదాన్ని. ఇరవై ఆరో రోజుకు నాలుగో స్థానంలోకి వచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులకు ఫోను మోగింది.

అప్పుడు నేను షాపులోనే ఉన్నాను. చేతులకు సుద్ద అంటిందని బాబాయ్ స్పీకరు పెట్టారు. ఎవరో ఆడమనిషి గొంతు. బస్సులో ఆరు గంటల దూరంలో ఉన్న ఊళ్లో పెద్దాసుపత్రి ఆయానని చెప్పింది. ఫొటోలో కంటే బాగా చిక్కిపోయింది గానీ మనిషి ఆవిడే అంది.

"చేతులు ఊరికే ఉండేవి కాదండీ. దుప్పటి అంచు మడిచి మడిచి, కుట్టినట్టు చేసేది."

బాబాయ్ ఫోను మీదికి వంగారు. "చేసేది అంటారేంటమ్మా? చేస్తుంది అనండి."

ఆవిడ వార్డు నంబరు చెప్పి, ఒకసారి రండి బాబూ అని మాత్రం అంది.

మర్నాడు బాబాయ్, వాళ్ల అమ్మాయి, నేను వెళ్లాం. పిన్ని పోయి అప్పటికి ఇరవై రోజులు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందట. రిజిస్టరులో 'పేరు తెలియని స్త్రీ, వయసు సుమారు డెబ్బై' అని ఉంది. బాబాయ్ ఆ 'డెబ్బై' మీద వేలు ఆనించి అలాగే నిలబడ్డారు. తనవాళ్లంటూ ఎవరూ రాకపోవడంతో ఊరి చివర ఆసుపత్రివాళ్లే పూడ్పించారు. గుర్తుగా నంబరు రాసిన రేకుముక్క పాతారు.

ఆయా నడివయసు దాటిన మనిషి. వార్డులో సూది ఇవ్వకూడదని రూలు ఉన్నా, చూడలేక ఒకరోజు ఇచ్చానని చెప్పింది. ఆ వారంలో వార్డులో చిరిగిన దిండు గలీబులన్నిటికీ పిన్ని అంచులు కుట్టేసిందట. లోపలికి వెళ్లి ఒకటి తెచ్చింది. బాబాయ్ దాన్ని వెలుతురులోకి పట్టుకుని, అంచును బొటనవేలితో తడిమి, తిరగేసి చూశారు.

"పైకి దారం కనబడదు, చూడు" అన్నారు కూతురితో.

ఆ అమ్మాయి గలీబు అంచును తన వేలితో తడిమి చూసింది.

బయట వరండాలో ఆయా నా పక్కకు వచ్చి నిలబడింది. నేను అడగకుండానే చెప్పుకొచ్చింది. "నేను ముందు కూడా వెతికానమ్మా. ఆవిడ వచ్చిన కొత్తలో రెండుసార్లు, తర్వాత ఒకసారి. మా మనవరాలు ఫోనులో కొట్టడం నేర్పింది. పిచ్చావిడ, కుడుతున్నట్టు చేతులు, అని కొట్టాను. ఏమీ రాలేదు. పోయాక మనసాగక మళ్లీ కొడితే ఇది వచ్చింది."

మొదటిసారి ఎప్పుడని అడిగాను. నాలుగు నెలల పైనే అయిందంది. అప్పటికే మా పేజీలో ఫొటో ఉంది, నంబరు ఉంది, కుట్టినట్టు ఆడే చేతులు ఉన్నాయి. ఆ ఒక్క మాటే లేదు. మేం ఆ మాట పెట్టిన రోజుకు పిన్ని ఇంకా ఆ వార్డులోనే ఉంది. పేజీ పైకి వచ్చేసరికి లేదు.

తిరుగు బస్సులో బాబాయ్ పక్కన కూర్చున్నాను. గలీబు మడత ఆయన ఒళ్లో ఉంది. ఆయా తనకు కూడా చెప్పిందన్నారు.

"ఆ మాట వద్దన్నది నేనే" అన్నారు.

ఆ బరువంతా ఆయన ఒక్కరి నెత్తిన ఉండనివ్వడం నావల్ల కాలేదు. ఆ రోజు తెర మీద అంకెలున్నాయని, ఎంతమంది ఆ మాట కొడుతున్నారో నాకు కనబడుతూనే ఉందని, ఆయనకు చూపించకుండా కట్టేశానని చెప్పేశాను.

ఆయన కిటికీ వైపు నుంచి ముఖం తిప్పి నన్ను చూశారు. "చూపించి ఉంటే ఒప్పుకునేవాణ్ణి."

కోపంగా అనలేదు. కొలత చెప్పినట్టు అన్నారు.

అప్పటినుంచి ఎదురుపడితే "బాగున్నారా?" అనేవారు. నువ్వు అని పిలిచే మనిషి మీరు అంటుంటే ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండు అనిపించేది. ఆఫీసులో ఏ యజమాని వచ్చినా ముందు తెర అటు తిప్పి, తర్వాతే మాట మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. పిన్ని పేజీ తీసేద్దామా అంటే, ఆయన్ని అడగడానికి ధైర్యం చాలలేదు. అది దానంతట అదే మొదటి స్థానానికి చేరింది.

మూడు నెలల తర్వాత ఆయన మెట్లెక్కి వచ్చారు. ఆ పేజీ చూసి రోజు విడిచి రోజు ఎవరో ఒకరు ఫోను చేస్తున్నారని, మా వీధిలో ఒకావిడ ఉంది మీ మనిషేనా అని అడుగుతున్నారని, కాదని చెప్పి పెట్టేస్తున్నానని అన్నారు.

"నిన్న ఒకాయన పెట్టనివ్వలేదండీ. మీ మనిషి కాకపోతే మరి ఎవరి మనిషి, ఇప్పుడు నేనేం చెయ్యాలి అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీలేదు."

కుర్చీ లాగి వేశాను. కూర్చున్నారు. ఆ మనిషికి తిరిగి ఫోను చేశాం. మూతపడిన సినిమా హాలు మెట్ల మీద నలభై ఏళ్ల ఆవిడ ఉంటోందట. వచ్చేపోయేవాళ్లందరినీ ఆఖరి బస్సు వెళ్లిపోయిందా అని అడుగుతుందట. బాబాయ్ ఓపిగ్గా ఒక్కొక్కటీ అడిగారు. ఎత్తు, చెప్పులు, చేతి మీద మచ్చ, మాట తీరు. అన్నీ కాగితం మీద రాసుకున్నారు. ఆవిడకు పేజీ మొదలుపెట్టాను. ఆవిడ ఇంటివాళ్లు ఏ మాట కొట్టి వెతుకుతుంటారో అది కూడా ఆలోచించాలి కదండీ అని ఆయనే గుర్తుచేశారు.

ఏడాదిలో అలా ముప్ఫై ఒక్క మందికి పేజీలు పెట్టాం. ఇద్దరి తాలూకు వాళ్లు దొరికారు. బస్సు అడిగే ఆవిడవాళ్లు ఎవరో ఇంకా తెలియలేదు. ఆవిడ ఇప్పుడు ఒక ఆశ్రమంలో ఉంటోంది. నెలకోసారి జాబితా చూసి, జనం మాట మారిందేమోనని ఆ పేజీ నేను సరిచేస్తుంటాను. బాబాయ్ ప్రతి ఆదివారం ఆశ్రమానికి ఫోను చేసి ఆవిడతో మాట్లాడతారు. ఆవిడ అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. లేదమ్మా, ఇంకా వెళ్లలేదు అని చెబుతారు.